ఇంట్లో తుపాకీ, ఊరి నుంచి వచ్చిన నాన్న: డాలస్‌లో ఒక కేస్ స్టడీ

ఫోన్ వచ్చింది ఉదయం ఆరుంపావుకి. ఆ టైంలో నాకు ఫోన్ చేసేది ఇండియా నుంచి మా అమ్మ ఒక్కతే. స్క్రీన్ మీద మాత్రం ఆరు నెలల క్రితం నా దగ్గర క్లాసు తీసుకున్న ఒకతని పేరుంది. ఎత్తగానే, "అన్నా, ఇవాళ ఒకసారి ఇంటికి రాగలవా? అది నా దగ్గర ఉండటం నాకే భయంగా ఉంది" అన్నాడు. 'అది' అంటే ఏంటో అడగక్కర్లేకపోయింది.

నేను పగలు డేటాబేస్‌ల పని చేస్తాను. శని, ఆదివారాలు డాలస్‌కు ఉత్తరాన ఒక షూటింగ్ రేంజ్‌లో హ్యాండ్‌గన్ క్లాసులు చెబుతాను. పదకొండేళ్లుగా నా విద్యార్థుల్లో సగం మంది మనవాళ్లే. 2017 ఫిబ్రవరిలో కేన్సస్‌లో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపాక ఒక్కసారిగా పెరిగారు. ఆ తర్వాత బంగారం దొంగతనాల వార్తలు వచ్చిన ప్రతిసారీ ఇంకో విడత వస్తారు. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. పేర్లు, ఊరు, వాళ్లను గుర్తుపట్టించే వివరాలు తీసేశాను.

జరిగింది ఇదీ. మే నెల. అతని అమ్మానాన్న హైదరాబాద్ నుంచి దిగి మూడు రోజులైంది. పెద్దాయనకు తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వచ్చింది. మన దేశంలో అప్పుడు మధ్యాహ్నం రెండు, ఆయన ఒంటికి అది నిద్ర టైమే కాదు. కాఫీ కలుపుకుందామని కిచెన్‌లోకి వెళ్లాడు. లైటు స్విచ్ ఎక్కడుందో తెలియక ఫోన్ టార్చ్ వేసుకున్నాడు. డికాక్షన్ గిన్నె చెయ్యి జారి సింక్‌లో పడింది.

అలారం మోగలేదు. పెద్దవాళ్లు రాత్రిళ్లు వెనక తలుపు తీస్తుంటే ఊరికే మోగుతోందని, వాళ్లు వచ్చిన మర్నాడే దాన్ని ఆపేశారు. కొడుక్కి గిన్నె చప్పుడుకు మెలకువ వచ్చింది. వార్డ్‌రోబ్ పైన షూ డబ్బాలో ఉన్న పిస్టల్ తీసుకుని కారిడార్‌లోకి వచ్చాడు. చీకట్లో ఒక మనిషి ఆకారం. తన కళ్లలోకి టార్చ్ వెలుగు.

ముందు మాట్లాడింది పెద్దాయనే. "ఎవర్రా అది?" అన్నాడు.

నేను ఆ సాయంత్రం అడిగిన మొదటి ప్రశ్న: "అప్పుడు నీ వేలు ఎక్కడుంది? ట్రిగ్గర్ మీదా, పక్కనా?" చాలాసేపు ఆలోచించి, "గుర్తు లేదన్నా" అన్నాడు. నా క్లాసులో వేలు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీ) బయట ఉంచడం మొదటి గంటలో నేర్పిస్తాను. క్లాసులో అతనొక్కసారి కూడా తప్పు చేయలేదు. నిద్రలోంచి లేచినవాడికి మెదడు పూర్తిగా తెప్పరిల్లడానికి పావుగంట, ఒక్కోసారి అరగంట పడుతుంది. అతను లేచి నలభై సెకన్లు కూడా కాలేదు.

మంచం మీద

అతని భార్య టీ పెట్టి ఇచ్చింది కానీ అక్కడ కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడింది. పెద్దాయన హాల్లో టీవీ చూస్తున్నాడు, లేదా చూస్తున్నట్టు కూర్చున్నాడు. పాపకు నాలుగేళ్లు. నాయనమ్మతో పెరట్లో ఉంది.

"ముందు దాన్ని చూద్దాం" అన్నాను. షూ డబ్బా దించాడు. తొమ్మిది ఎంఎం పిస్టల్, పక్కన వేలితో నొక్కే సేఫ్టీ లేని రకం. తూటాలుండే మ్యాగజైన్ తీసి దుప్పటి మీద పెట్టి, "పొద్దున్నే ఖాళీ చేసేశానన్నా" అంటూ పిస్టల్ నా చేతికిచ్చాడు. గొట్టాన్ని ఇటుక గోడ వైపు తిప్పి పిస్టల్ పైభాగాన్ని, అంటే స్లైడ్‌ని, వెనక్కి లాగాను. ఇత్తడి రంగు తూటా ఒకటి ఎగిరి మంచం మీద పడి, దొర్లి కిందకు పోయింది.

మ్యాగజైన్ తీస్తే ఖాళీ అయిపోయినట్టే అనుకోవడం కొత్తవాళ్లు చేసే తప్పుల్లో పెద్దది. మ్యాగజైన్ తీసినా ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా పేలే అరలో, ఒకటి మిగిలిపోవచ్చు. గ్లాక్ లాంటి పిస్టళ్లను శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఆ మిగిలిన ఒక్కటీ పేలేది అక్కడే. 2024 చివర్లో జార్జియాలో ఒక తెలుగు విద్యార్థి తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడన్న వార్త మనందరం చదివాం.

తూటా కోసం అతనే మోకాళ్ల మీద వంగి ఫోన్ టార్చ్ వేసి వెతికాడు. ఆ రెండు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. దొరికాక దాన్ని పట్టుకుని, "రాత్రి కూడా ఇది లోపలే ఉంది కదా" అన్నాడు. ఉంది. లేకపోతే ఇలా కేసు రాయాల్సినంత విషయమే ఉండేది కాదు.

ఎందుకు కొన్నాడు

వాళ్ల సబ్‌డివిజన్‌లో, అంటే వాళ్ల కాలనీలో, రెండు తెలుగు ఇళ్లలో బంగారం పోయింది. వాట్సాప్ గ్రూపులో కెమెరా వీడియోలు తిరిగాయి. గ్రీన్ కార్డ్ అప్పటికే ఉంది. షాపుకెళ్లి తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473 నింపాడు, ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ కాసేపట్లో అయిపోయింది, గంటలో పిస్టల్‌తో ఇంటికొచ్చాడు. హ్యాండ్‌గన్ అమ్మితే డీలర్ తాళం కూడా ఇవ్వాలని ఫెడరల్ చట్టం. ఆ తీగ తాళం ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది.

నేను అడిగాను: "ఆ రెండిళ్లలో దొంగతనం ఎప్పుడు జరిగింది?" ఒకటి పెళ్లికి వెళ్లినప్పుడు, ఇంకోటి శనివారం గుడికి వెళ్లినప్పుడు. రెండూ ఇంట్లో ఎవరూ లేనప్పుడే. అమెరికా న్యాయశాఖ లెక్కల విభాగం 2003 నుంచి 2007 దాకా జరిగిన ఇళ్ల దొంగతనాలను లెక్కేస్తే, ఇంట్లో మనుషులుండగా జరిగినవి దాదాపు 28 శాతం. ఇంట్లోవాళ్ల మీద హింస జరిగినవి మొత్తంలో 7 శాతం. ఏడు శాతం తక్కువేం కాదు, ఆ ఏడులో పడ్డవాళ్లకు అసలే కాదు. కానీ బంగారం కోసం వచ్చేవాడు మనం లేని టైం చూసుకుని వస్తాడు. అప్పుడు షూ డబ్బాలో తుపాకీ బంగారాన్ని కాపాడదు. బంగారంతో పాటు అదీ పోతుంది. పోయిన తుపాకీ ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

బంగారానికి మందు బ్యాంకు లాకరు. ఫంక్షన్‌కి బయల్దేరే ముందు నగలతో దిగిన ఫొటో అప్పటికప్పుడు పెట్టకపోవడం. ఈ మాట చెబితే మనవాళ్లకు కాస్త నిరాశగా ఉంటుంది. తుపాకీ క్లాసుకొచ్చి లాకరు గురించి వినాలని ఎవరికుంటుంది?

ఈ వారం ఇంట్లో ఎవరున్నారు

నేను మామూలుగా ఒక కాగితం మీద ఇంట్లో ఉండేవాళ్ల పేర్లన్నీ రాయిస్తాను. ఎదురుగా ఒక్కొక్కరికీ రెండు ప్రశ్నలు: ఈ మనిషికి తుపాకీ అందాలా? పొరపాటున అందితే ఏమవుతుంది? అతను మూడు పేర్లు రాసి ఆపాడు. తను, భార్య, పాప. "నాన్నగారు?" అన్నాను. "వాళ్లు మూడు నెలలే కదన్నా."

ఆ మూడు నెలలే అసలు సంగతి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు, హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోకూడదు. 1998 నుంచి ఫెడరల్ చట్టం ఇది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, ఇంకా ఒకటి రెండున్నాయి. అంతే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. నిషేధం ఉన్నవాళ్ల చేతికి ఇచ్చినవాడిదీ తప్పే. రేంజ్‌లో అద్దె తుపాకీ కాసేపు పట్టుకున్నా ఆ లెక్కలోకే వస్తుంది. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి పర్మిట్ లేకుండా తుపాకీ పెట్టుకుని తిరగొచ్చన్న వార్త విని, అందరికీ అన్నీ చెల్లుతాయనుకునేవాళ్లు చాలామంది. రాష్ట్రం వదిలేసినా ఫెడరల్ చట్టం వదలదు.

ఇది చెబుతుంటే అతని భార్య మొదటిసారి లోపలికొచ్చి కూర్చుంది. "అన్నయ్యా, మా తమ్ముడు ఎంఎస్ చేస్తున్నాడు. పోయిన నెల వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని ఫొటో దిగాడు." ఫొటో ఎక్కడుందని అడిగాను. ఇన్‌స్టాగ్రామ్‌లో. ఆ కుర్రాడికి అక్కడే ఫోన్ చేయించాను. తీసేశాడు. లాయర్‌తో ఒకసారి మాట్లాడమని కూడా చెప్పాను. అంతకు మించి నేను చెప్పగలిగింది లేదు, నేను లాయర్ని కాదు.

పాప విషయంలో రాష్ట్ర చట్టం సూటిగా ఉంది. టెక్సస్ పీనల్ కోడ్ 46.13 ప్రకారం గుళ్లు నింపిన తుపాకీ, యజమాని నిర్లక్ష్యం వల్ల, 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అది నేరం. ఛాంబర్‌లో తూటా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు, మ్యాగజైన్‌లో ఉన్నా నింపినట్టే. అది పేలి ప్రాణం పోయినా, పెద్ద గాయమైనా నేరం స్థాయి పెరుగుతుంది. వార్డ్‌రోబ్ పైన పెడితే పిల్లలకు అందదని చాలామంది తండ్రుల నమ్మకం. సున్నుండల డబ్బా అటక మీద పెట్టినప్పుడు మనం ఏం చేశామో మర్చిపోయి మాట్లాడతారు.

మా తాతయ్యకు లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. తుపాకీ బీరువాలో, తూటాలు వేరే ట్రంకు పెట్టెలో, రెండు తాళాలూ నాయనమ్మ బొడ్లో. ఎలక్షన్లొస్తే దాన్ని స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. ఎలక్షన్లయ్యాక తెచ్చుకోవడానికి ఎప్పుడూ తొందరపడేవాడు కాదు. ఆయన దాన్ని ఆత్మరక్షణకు సిద్ధంగా పెట్టుకున్నాడని నేననుకోను. ఇక్కడ మనవాళ్లు కోరుకునేది వేరు. రాత్రి చప్పుడైతే చేతికందాలి, పాపకు అందకూడదు. ఒకే వస్తువు ఒకే గదిలో ఆ రెండు పనులూ చెయ్యాలి.

గోడలు

అమెరికా ఇళ్ల లోపలి గోడలు చూడ్డానికే గోడలు. చెక్క స్టడ్‌లకు (నిలువు కర్రలకు) అటు ఇటు అరంగుళం షీట్‌రాక్, అంటే జిప్సమ్ పలక, బిగిస్తారు. తొమ్మిది ఎంఎం తూటా అలాంటి గోడలు ఒకటి కాదు, కొన్ని దాటిపోతుంది. ఇంటి రక్షణకు వాడే హాలో పాయింట్ (మొన బోలుగా ఉండే) తూటాలు కూడా షీట్‌రాక్ దగ్గర ఆగిపోతాయని నమ్మడానికి లేదు. మన ఊళ్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడల మధ్య పెరిగినవాడికి ఇది వంటబట్టడానికి టైం పడుతుంది.

అందుకే ఇంటి ప్లాను గీయించాను. మాస్టర్ బెడ్‌రూమ్ కింద. మోకాళ్ల నొప్పుల వల్ల పెద్దవాళ్లకూ కింద గదే. కారిడార్ మొదట్లో, అంటే ఆ రాత్రి అతను నిలబడ్డ చోట, స్కేలు పెట్టి కిచెన్ మీదుగా గీత గీయమన్నాను. గీత కిచెన్ దాటి, ప్యాంట్రీ దాటి, నేరుగా గెస్ట్ రూమ్ మంచం తలాపు దగ్గరకు వెళ్లింది. ఆ టైంకి వాళ్లమ్మ అక్కడ నిద్రపోతోంది. అంటే అక్కడున్నది నిజంగా దొంగే అయినా, గురి తప్పకపోయినా, ఆ కోణంలో కాల్చకూడదు.

స్కేలు పక్కన పెట్టి అతను బాత్రూమ్‌కి వెళ్లొచ్చాడు. మొహం కడుక్కున్నట్టుంది.

ఇల్లంతా వెతికితే ఒక్కటే గీత బాగుంది. మాస్టర్ బెడ్‌రూమ్‌లో మంచానికి అవతలి మూల నుంచి గది గుమ్మం వైపు. ఆ గుమ్మం వెనక రాతి ఫైర్‌ప్లేస్ ఉంది. అంటే అతను గది దాటి వెళ్లకూడదు. తలుపు వేసుకుని, ఆ మూలన ఉండి, 911కు ఫోన్ చేసి, తలుపు పగలగొట్టుకుని ఎవరైనా లోపలికొస్తేనే తుపాకీ. ఇల్లంతా గాలించడం పోలీసుల పని. వాళ్లు కూడా ఆ పనికి ఒంటరిగా పోవడానికి ఇష్టపడరు.

"మరి అమ్మానాన్న బయటే ఉండిపోతారు కదా" అన్నాడు. నిజమే, ఇక్కడే చిక్కు. చివరికి వాళ్ల గది తలుపుకు లోపల గట్టి బోల్టు వేయించాం. పెద్దావిడకు 911 నొక్కి ఏం చెప్పాలో నేర్పాం. ముందు అడ్రసు, ఆ తర్వాత 'తెలుగు' అన్న ఒక్క మాట. చాలా సెంటర్లలో ఇంటర్‌ప్రెటర్‌ని లైన్లోకి తీసుకుంటారు. అడ్రసు కాగితం వాళ్ల మంచం పక్కన తెలుగులో రాసి అంటించాం. ఇది పూర్తి పరిష్కారం కాదు. కొడుకు గదిలో ఆగలేడేమోనన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

సేఫ్

అతని దగ్గర అప్పటికే ఒక సేఫ్ ఉంది, వేలిముద్రతో తెరుచుకునేది. పదిసార్లలో నాలుగైదుసార్లు తెరుచుకోవట్లేదని విసిగిపోయి తుపాకీ షూ డబ్బాలోకి మార్చాడు. ఆ సేఫ్ తెప్పించి, నా వేలు పెట్టాను. తెరుచుకుంది. నా వేలిముద్ర అందులో ఎప్పుడూ ఎక్కించలేదు.

సెటప్ సరిగా పూర్తి కాకపోతే కొన్ని బయోమెట్రిక్ సేఫ్‌లు ఫ్యాక్టరీ మోడ్‌లోనే ఉండిపోయి ఎవరి వేలికైనా తెరుచుకుంటాయి. సరిగ్గా ఈ లోపం వల్లే 2023 అక్టోబర్‌లో ఒక కంపెనీవి దాదాపు 61 వేల సేఫ్‌లు వెనక్కి పిలిపించారు. ఒక పన్నెండేళ్ల పిల్లాడు చనిపోయాక. అంటే అతని సేఫ్ యజమానికి సగంసార్లు తెరుచుకోదు, వచ్చినవాళ్లెవరికైనా తెరుచుకుంటుంది. జాగ్రత్తా లేదు, సిద్ధమూ లేదు.

బ్యాటరీ లేని, ఐదు మెకానికల్ బటన్లతో తెరుచుకునే సేఫ్ పెట్టించాను. ఖరీదు కాస్త ఎక్కువే. చీకట్లో వేళ్లతో తడుముకుని తెరవొచ్చు. ఎక్కడ పెట్టాలన్న దానికి మాత్రం అమెరికన్ పాఠాలు సరిపోలేదు. ఇక్కడి ట్రైనర్లందరూ నైట్‌స్టాండ్ దగ్గర అంటారు. పిల్లలు వేరే గదిలో పడుకుంటారని వాళ్ల లెక్క. మన ఇళ్లలో నాలుగేళ్ల పాప అమ్మానాన్నల మధ్యే పడుకుంటుంది. దీనివల్ల సగం పని తేలికైంది: రాత్రి చప్పుడైతే పాపను తెచ్చుకోవడానికి కారిడార్‌లోకి పరిగెత్తక్కర్లేదు. మిగతా సగం కష్టమైంది: మంచం పక్కన ఏది పెట్టినా పాపకు మూడడుగుల దూరంలో పెట్టినట్టే.

వాకిన్ క్లోసెట్‌లో, అతని భుజం ఎత్తున, గోడలో చెక్క స్టడ్‌కు లాగ్ బోల్టులతో బిగించాం. మంచం నుంచి ఏడడుగులు. ఆ ఏడడుగులు నేను కావాలనే పెట్టాను. లేచి, నిలబడి, నడిచి, ఐదు బటన్లు గుర్తు తెచ్చుకుని నొక్కేసరికి మనిషికి కాస్త మెలకువ వస్తుంది. టైమర్ పెట్టి చూస్తే మొదటిరోజు పదిహేడు సెకన్లు, రెండు వారాలకు తొమ్మిది. "తొమ్మిది ఎక్కువ కదన్నా?" అన్నాడు. ఆ సెకన్లు వీధి తలుపు దగ్గర కొన్నాం: గడియ దూరే రేకుకు (స్ట్రైక్ ప్లేట్‌కు) ఉన్న ముప్పావు అంగుళం స్క్రూలు తీసి మూడంగుళాలవి బిగించాం, వెనక గ్లాసు తలుపుకు ఫిల్మ్ వేయించాం, అలారం మళ్లీ ఆన్ చేయించాం. పెద్దాయనకు అలారం కోడ్ నేర్పాం. కారిడార్‌లో, కిచెన్‌లో మనిషి కదిలితే వెలిగే లైట్లు పెట్టాం. మొత్తం మీద చవగ్గా అయినదీ, ఆ రాత్రి ఉండి ఉంటే అసలేమీ జరగకుండా ఆపేదీ ఆ లైట్లే.

ఎవరది?

1992 అక్టోబర్‌లో లూసియానాలోని బాటన్ రూజ్‌లో యోషిహిరో హట్టోరి అనే జపాన్ కుర్రాడు, పదహారేళ్లు, హాలోవీన్ పార్టీకని పొరపాటున వేరే ఇంటికి వెళ్లాడు. ఇంటాయన తుపాకీ పట్టుకుని 'ఫ్రీజ్' (కదలొద్దు) అన్నాడు. కుర్రాడు ముందుకొచ్చాడు, అతను కాల్చాడు. ఆ మాట పిల్లవాడికి సరిగా అర్థమై ఉండదని అప్పుడు చాలామంది అన్నారు. ఇంటాయన మీద నేరం రుజువు కాలేదు. నేను క్లాసులో ఈ కేసు చెప్పేది కోర్టు ఏమందో చెప్పడానికి కాదు. ఏం అరవాలో, ఏ భాషలో అరవాలో ముందే అనుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి.

ఈ ఇంట్లో మేం పెట్టుకున్న నియమం తెలుగులోనే ఉంది. చప్పుడైతే గది తలుపు వెనక నుంచి గట్టిగా "ఎవరది?" అనాలి. అప్పుడు ఇంట్లో తిరిగేవాళ్లెవరైనా "నేనే" అనాలి, నాన్నయినా, అమ్మయినా, బావమరిదైనా. దొంగ అలా అనడు. తర్వాత ఫోన్‌లో కెమెరా చూడాలి. ఆ తర్వాతే క్లోసెట్. వెలుగు కావాలంటే చేతి టార్చ్ వేరుగా ఉండాలి. తుపాకీకి బిగించిన లైటుతో వెతికితే వెతుకుతున్న ప్రతి మనిషి వైపూ గొట్టం తిప్పినట్టే. రిహార్సల్ చేశాం, తుపాకీ లేకుండా. పెద్దాయన కిచెన్‌లో గిన్నె పడేశాడు, కొడుకు "ఎవరది?" అన్నాడు, ఆయన "నీ బాబునిరా" అన్నాడు. వారం రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరూ నవ్వింది అప్పుడే.

చట్టం గురించి ఒక ముక్క. టెక్సస్‌లో ఆస్తి కోసం కూడా రాత్రిపూట కాల్చొచ్చని మనవాళ్లలో ఒక ప్రచారం ఉంది. పీనల్ కోడ్ 9.42లో అలాంటి వాక్యాలు ఉన్న మాట నిజం, వాటి వెనక 'సహేతుకంగా నమ్మితే' అన్న షరతులు వరసగా ఉన్న మాటా నిజం. టీవీ ఎత్తుకుపోతున్నవాడి వీపు మీద ఆ సెక్షన్‌ను పరీక్షించాలనుకునేవాళ్లకు నేను పాఠం చెప్పను.

ఛాంబర్

ఛాంబర్‌లో తూటా ఉంచాలా వద్దా? ఇక్కడి ట్రైనర్లలో ఎక్కువమంది ఉంచాలంటారు. ఒక చేత్తో పిల్లను ఎత్తుకున్నప్పుడు రెండో చేత్తో స్లైడ్ లాగడం కష్టం కాబట్టి. మామూలుగా నేనూ అదే అంటాను. ఇతనికి మాత్రం మొదటి మూడు నెలలు ఖాళీ ఛాంబర్, నిండిన మ్యాగజైన్ అని చెప్పాను. అతని చేతులు ఇంకా ఒత్తిడిలో నమ్మదగినవి కావు, అది ఆ రాత్రే తేలింది. మూడు నెలలు నెలకు రెండుసార్లు రేంజ్, వారానికి మూడుసార్లు ఇంట్లో డ్రై ఫైర్, అంటే ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ నొక్కే సాధన. డ్రై ఫైర్ చేసే గదిలో ఒక్క నిజమైన తూటా కూడా ఉండకూడదు. తర్వాత ఛాంబర్‌లో తూటాతో, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టి, హోల్‌స్టర్‌తో సహా సేఫ్‌లోకి. ఒకసారి పెట్టాక రోజూ తీసి నింపడం, ఖాళీ చేయడం వద్దన్నాను. పొరపాట్లు ఎక్కువ జరిగేది ఆ తీయడం పెట్టడంలోనే.

నా తప్పు

మూడో నెలలో తెలిసింది: అతను వారానికి రెండు రాత్రులు ఆఫీసు పని మీద హ్యూస్టన్‌లో ఉంటాడని. నేను ఎప్పుడూ అడగలేదు. ప్లాను మొత్తం అతని చుట్టూ అల్లాను. భార్యను ఒక్క మాట అడగకుండా. ఇన్నేళ్లు క్లాసులు చెబుతున్నవాడిని, భార్యాభర్తలు కూర్చుంటే భర్త వైపే చూసి మాట్లాడే అలవాటు నాకింకా పోలేదు.

ఈసారి ఆమెతో కూర్చున్నాను. "నాకు దాన్ని పట్టుకోవాలని లేదన్నయ్యా. కోడ్ కూడా వద్దు" అంది. ఒప్పించడానికి నేను ప్రయత్నించలేదు. ఇష్టం లేని చేతిలో తుపాకీ పెట్టడం కన్నా అది లేకుండా ప్లాను వేయడమే మేలు. ఆ రెండు రాత్రులకు వేరే పద్ధతి: అత్తగారు, మామగారు, పాప, తను అందరూ మాస్టర్ బెడ్‌రూమ్‌లోనే. తలుపుకు డెడ్‌బోల్ట్. మంచం పక్కన అలారం పానిక్ బటన్. ఛార్జింగ్‌లో ఫోన్. నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో నేను వేసిన రెండు ప్లాన్లలో తుపాకీ లేనిదే నాకు ఎక్కువ నచ్చింది.

తర్వాత

మామూలుగా నా కేస్ నోట్స్ ఇక్కడికి ముగిసేవి. పెద్దవాళ్లు ఇండియా వెళ్లిపోయారు. ఛాంబర్ నియమం మారింది. మరుసటి ఏడాది మార్చిలో అతని టీమ్ మొత్తాన్ని లేఆఫ్ చేశారు.

రెండు నెలలకు అతని భార్య ఫోన్ చేసింది. "రాత్రంతా మేలుకునే ఉంటున్నారన్నయ్యా. పాపతో కూడా మాట్లాడట్లేదు. సేఫ్ కోడ్ నాకు చెప్పమంటే కోప్పడ్డారు." ఆమె అంతకు మించి చెప్పలేదు. అక్కర్లేకపోయింది.

2021లో అమెరికాలో తుపాకులతో చనిపోయినవాళ్లు 48,830 మంది. అందులో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. సగానికి పైనే. వేరే పద్ధతుల్లో ప్రయత్నించినవాళ్లు ఎక్కువమంది బతుకుతారు, తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో పదికి తొమ్మిది మంది దాకా పోతారు. నా మొదటి కాగితం మీద 'ఈ మనిషికి తుపాకీ అందాలా?' అన్న ప్రశ్నకు అతని పేరు ఎదురుగా అతను పెట్టిన టిక్ ఉంది. ఆ టిక్ శాశ్వతం అని నేనూ అనుకున్నాను.

ఆ సాయంత్రమే వెళ్లాను. పాఠం చెప్పలేదు. టీ తాగాక, "నిద్ర పడుతోందా?" అన్నాను. లేదన్నాడు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని మనవాళ్లు భయపడతారు. అలా ఏమీ జరగదు. అతను చాలాసేపు కిటికీ వైపు చూసి, "అప్పుడప్పుడూ" అన్నాడు. "ఇది కొన్నాళ్లు నా దగ్గర పెడదాం. నీదే. నువ్వెప్పుడు బాగున్నావనుకుంటే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాను. ఒకే రాష్ట్రంలో ఉండే, చట్టం అడ్డులేని ఇద్దరి మధ్య టెక్సస్‌లో ఇలా దాచిపెట్టుకోవడానికి అడ్డు లేదు. కొన్ని తుపాకీ షాపులు కూడా దాచిపెడతాయి.

అతనే క్లోసెట్‌లోకి వెళ్లి తీసుకొచ్చాడు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, తూటా అరచేతిలో పట్టుకుని, ఛాంబర్‌లో చిటికెన వేలు పెట్టి తడిమి చూసి, అప్పుడిచ్చాడు. ఆ రాత్రే ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేశాడు, పక్కన భార్య కూర్చుంది. తర్వాత డాక్టర్ దగ్గరకు వెళ్లాడు.

ఇప్పుడు ఉద్యోగం ఉంది, నిద్ర ఉంది. నెలకో శనివారం రేంజ్‌కి వస్తాడు. నా సేఫ్‌లోంచి అతని పిస్టల్ తీసిస్తాను, యాభై రౌండ్లు కాలుస్తాడు, శుభ్రం చేసి తిరిగి నాకిస్తాడు. తీసుకెళ్తానని ఇంకా అనలేదు, నేనూ అడగలేదు. ఈ సంక్రాంతికి వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. అమ్మానాన్న మళ్లీ వచ్చారు. క్లోసెట్‌లో సేఫ్ అలాగే ఉంది. కోడ్ ఇప్పుడు ఆమె మార్చుకుంది. లోపల అందరి పాస్‌పోర్టులు, బ్యాంకు లాకర్లో పెట్టడానికి అత్తగారు ససేమిరా అన్న నాలుగు గాజులు ఉన్నాయి.